చూడకముందే చెప్పిన స్తోత్రం

ఆ వార్త మొదట నాకు తెచ్చింది మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె. ఎప్పుడూ మడతపెట్టిన బట్టలు గేటు పైనుంచి అందించి వెళ్లిపోయే మనిషి, ఆ పొద్దున గేటు తీసుకుని లోపలికొచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అమ్మా, మీ అవ్వను ఆ మూడంతస్తులోళ్లు పనికి రావొద్దన్నరట. ఎర్కనా?"

"ఎందుకూ? ఏం చేసింది?"

"ఏం జేశిందని నన్నడుగుతరేంది? సినిమా మీ ఇంట్లనే గదా తీశిన్రు. గండ్ల అవ్వ పసిపిల్లను పిసికి సంపుతదట గదా."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు, నా మీద నాకే.

అవ్వ మాకు చుట్టం కాదు. మల్కాజ్‌గిరిలో మా కాలనీ పిల్లలకు లాల పోసే మనిషి. బాలింత ఉన్న ఇంటికి పొద్దున్నే వచ్చి, తల్లికి ఒళ్లు పట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఆ తర్వాత బిడ్డను తీసుకుంటుంది. చిన్న పీట మీద కూర్చుని కాళ్లు బారచాపి, ఆ రెండు కాళ్ల మధ్య బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. నీళ్ల వేడి మోచేత్తో చూసుకుంటుంది, వేళ్లను నమ్మదు. "ఏళ్లకు మొద్దుతనం ఎక్కువమ్మా, అవి నిజం చెప్పయి" అంటుంది. నూనె రాసి, చేతులు కాళ్లు సాగదీసి, ముక్కు దూలం రెండు వేళ్లతో నిమిరి, బిడ్డ ఏడుస్తుంటే తనూ ఏదో గొణుగుతూ ఉంటుంది. ఆఖరి చెంబు పోసి, తుడిచి, తను ఇంట్లో పట్టిన కాటుకతో చుక్క పెట్టి తల్లి ఒళ్లో పెడితే ఇక మూడు గంటలు బిడ్డ లేవదు. నా ఇద్దరు పిల్లలకూ ఆ చేతులే నీళ్లు పోశాయి. అందుకు దేవునికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పానో లెక్క లేదు.

ఈ మధ్య ఆస్పత్రుల నుంచే నర్సులు వచ్చి నేర్పిపోతున్నారు, తల్లులు ఫోన్లో వీడియోలు చూసి పోసుకుంటున్నారు. అవ్వకు ఇళ్లు తగ్గాయి. ఉన్నవే ఆమె బతుకు. మూడంతస్తుల ఇంట్లో బిడ్డ పుట్టి అప్పటికి మూడు వారాలు.

నా గురించి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని అర్థం కాదు. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. మారేడ్‌పల్లిలో అప్పుడు మేమున్న ఇంట్లోనే మా నాన్న నాకు చదువు చెప్పాడు. రైల్వే ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, నా చేత ఒక కథ చదివించేవాడు. ఒకరోజు బైబిలు వాక్యం, ఒకరోజు పాత వారపత్రిక. చదవడం అయ్యాక ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "ఈ కథలో మాట్లాడనిది ఎవరమ్మా?" రాజు మాట్లాడాడు, సేనాపతి మాట్లాడాడు, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ దాసి మాట్లాడలేదు. "అయితే ఆమె ఏమనుకుని ఉంటుందో ఇప్పుడు నువ్వు చెప్పు" అనేవాడు. నా చదువంతా అంతే. సర్టిఫికెట్ ఏదీ లేదు. ఆ ప్రశ్న ఇచ్చి వెళ్లినందుకు ప్రతి ఉదయం ప్రార్థనలో నాన్నను తలుచుకుంటాను. కానీ అడగాల్సిన రోజున ఆ ప్రశ్న నేను అడగలేదు. కారణం ఒక్కటే. కాలేజీ అనే మాట వింటే నాలో ఏదో వంగిపోతుంది. అక్కడ చదివేవాళ్లకు అన్నీ తెలుసనుకుంటాను.

సినిమా తీసినవాడు మా చర్చి సంఘ పెద్దగారి అబ్బాయి. డిగ్రీలో సినిమాలు తీయడం నేర్పే కోర్సు. అయిదు నిమిషాల థ్రిల్లర్ ఒకటి తీసి, దాని మీద రిపోర్టు రాసి ఇస్తే మార్కులు. మా ఇల్లు పాతది, మెట్లు ఇరుకు, మలుపులో చీకటి. "ఆంటీ, మీ ఇల్లు పర్ఫెక్ట్. కొంచెం భయంగా ఉంటది" అన్నాడు. నేను పొంగిపోయాను. వాడితో పాటు ఇంకో అబ్బాయి, హీరో. ఒక అమ్మాయి, అదీ మా సంఘంలోని పిల్లే. కథ రాసింది తనే, నటించేదీ తనే.

వచ్చిన పొద్దున ముందుగా అందరినీ నిలబెట్టి ప్రార్థన చేశాను. కెమెరా మీద కూడా చెయ్యి పెట్టాను. పని షురూ చేశాక సినిమా తీసే పిల్లవాడు అన్నాడు, పనిమనిషి పాత్ర ఉంది, ఎవరైనా ముసలామె దొరుకుతుందా అని. నేనే పోయి అవ్వను పిలుచుకొచ్చాను. నేనే.

అవ్వ వచ్చిన తీరు నా కళ్లలో ఉంది. బిడ్డను మొదటిసారి చూడబోయేటప్పుడు కట్టే ఆకుపచ్చ చీర కట్టింది. కొప్పు నున్నగా దువ్వి ముడేసింది. పిల్లవాడు చూసి తల గోక్కున్నాడు.

"అవ్వా, గిట్ల కాదు. చిరిగిన చీర లేదా?"

"చిరిగిన చీర కట్టుకోని బిడ్డలున్న ఇండ్లకు పోతనా బిడ్డా? నా తాన లేదు."

అప్పుడు నేను లోపలికి పోయి, గచ్చు తుడవడానికి పెట్టుకున్న నా పాత చీర తెచ్చి ఇచ్చాను. ఆమె కట్టుకుంది. కొప్పు విప్పమన్నారు. ఆ ఒక్క మాటకు అవ్వ నా వైపు చూసింది. నలుగురిలో జుట్టు విరబోసుకోవడం ఆమెకు ఇష్టం లేదు, నాకు తెలుసు. "పిల్లల చదువు కోసమే కదా అవ్వా" అన్నాను. విప్పింది. కళ్ల కింద నల్లగా పూయడానికి వాళ్ల దగ్గర ఏమీ లేకపోతే తన చెంగుకు కట్టుకున్న కాటుక డబ్బీ తనే తీసి ఇచ్చింది, పసిపిల్లలకు పెట్టే కాటుక.

"నేను మంచిదాన్నా, చెడ్డదాన్నా గిండ్ల?" అని అడిగింది.

"అది సస్పెన్స్ అవ్వా" అన్నాడు వాడు.

అందరం నవ్వాం. అవ్వ అందరికంటే ఎక్కువ నవ్వింది. "గట్లనే ఉండనియ్యి. ముందుగాల తెలిస్తే మజా ఏముంటది!"

పట్టపగలు కిటికీలకు మా దుప్పట్లు కట్టి చీకటి చేశారు. మా ఆయనకు కూడా ఒక పాత్ర ఇచ్చారు. వాలుకుర్చీలో నిద్రపోయే చెవిటి తాతయ్య. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. "ఇంజన్ కూత విని ఏ రైలో చెప్పే చెవులివి. నన్ను చెవిటోణ్ని చేస్తార్రా?" అన్నారు. "తాతయ్యలకు వినబడితే స్టోరీ నడవదు అంకుల్" అన్నాడు పిల్లవాడు. అదీ నవ్వుకున్నాం.

మధ్యలో లైట్ల బరువుకు ఫ్యూజు పోయింది. హీరో అబ్బాయి ఫోన్ వెలుగులో అటూ ఇటూ తిరుగుతుంటే, ఆ అమ్మాయి స్టూలెక్కి, ఫ్యూజు పీకి, తీగ చుట్టి, మళ్లీ పెట్టి దిగింది. చేతులు దులుపుకుని "రోలింగ్" అంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

చివర్లో పిల్లవాడు అవ్వను కింద కూర్చోబెట్టాడు. ముందు ఒక దిండు పెట్టాడు. "అవ్వా, పసిపిల్లకు నూనె రాస్తవు చూడు, గట్ల చెయ్యి. మొహం మీద నిమురుతవు గదా, గట్ల." అవ్వ కాళ్లు చాపింది. దిండును కాళ్ల మీద పెట్టుకుంది. నిజంగా బిడ్డ ఉన్నట్టే మొదలుపెట్టింది. నొక్కింది, సాగదీసింది, ముక్కు ఉండాల్సిన చోట రెండు వేళ్లతో నిమిరింది, లోలోపల గొణిగింది. నాకు నా పిల్లలు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ నిమిషానికి కూడా నేను దేవునికి వందనాలు చెప్పాను.

తర్వాతి శుక్రవారం స్త్రీల కూడికలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. మాలో ఒక అలవాటుంది. అడిగినది ఇంకా చేతికి రాకముందే వచ్చినట్టు కృతజ్ఞత చెప్పడం. అది విశ్వాసానికి గుర్తు. ఉద్యోగం రాకముందే, రిపోర్టు నార్మల్ అని తెలియకముందే లేచి స్తోత్రం చెబుతాం. నేను ఎన్నోసార్లు అలా చెప్పాను, చెప్పినందుకు ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆ రోజు లేచి నిలబడ్డాను. మా ఇంట్లో పిల్లలు ఒక మంచి సినిమా తీశారనీ, ఒక పేద అవ్వకు అందులో చోటిచ్చారనీ, దేవుడు దీన్ని అనేకులకు ఆశీర్వాదంగా చేస్తాడనీ చెప్పాను. రాగానే అందరూ చూడండి, నలుగురికీ పంపండి అన్నాను. మూడంతస్తుల ఇంటి అత్తగారు నా పక్కనే కూర్చుని ఆమెన్ అంది.

ఆ సినిమా నేను అప్పటికి చూడలేదు.

సినిమా లింకు మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన రోజు మా ఆయన ఫోన్లో చూస్తూ, "నేను బానే నిద్రపోయాను" అన్నారు. నా కళ్లద్దాలు బాగు చేయించడానికి ఇచ్చి ఉండటంతో తర్వాత చూద్దామనుకున్నాను. నా పేరు చెప్పుకుని కాలనీలో సగం మంది చూసేశారు. నేను మాత్రం చూడలేదు. నాలుగు రోజులకు ఇస్త్రీ ఆమె వచ్చి మెట్టు మీద కూర్చుంది.

ఆమె వెళ్లిపోయాక, ముందు రోజే బాగై వచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒకసారి చూసి, నాన్న ప్రశ్న గుర్తొచ్చి మళ్లీ చూశాను. మూడోసారి కాగితం తీసుకుని, ఎవరు ఎన్ని మాటలు మాట్లాడారో రాసుకుంటూ చూశాను.

ఇంట్లో చెవిటి తాతయ్య, లోపలి గదిలో పసి చెల్లెలు తప్ప అమ్మాయికి తోడెవరూ ఉండరు. కరెంటు పోతుంది. ఫ్యూజు వేసిన ఆ చేతులు సినిమాలో వణుకుతూ కొవ్వొత్తి పట్టుకుంటాయి. "ఎవరది?", "ప్లీజ్", "వద్దు". అయిదు నిమిషాల్లో ఆ పిల్లకు దక్కిన మాటలు ఈ మూడే. మిగతాదంతా అరుపు. మెట్ల మీద పరుగెత్తుతుంది, పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. రోజూ మా మెట్లెక్కి దిగే నేను ఒక్కసారీ పడలేదు, ఈడొచ్చిన పిల్ల రెండుసార్లు ఎందుకు పడాలి? మా ఆయన కుర్చీలో గురక పెడుతుంటారు, మనవరాలు అరిచినా లేవరు, అది హాస్యం. హీరో బండి మీద వస్తాడు, తలుపు తంతాడు, జరిగిందంతా వాడే విప్పి చెబుతాడు. కుటుంబం ఉప్పు తిన్న పనిమనిషి కుటుంబం మీద పగబట్టిందట. ఎందుకు పగో ఎవరూ అడగరు. పనిమనిషికి కారణం అక్కర్లేదు కాబోలు.

అవ్వకు ఒక్క మాట లేదు. మెట్ల మలుపులో జుట్టు విరబోసుకుని నిలబడుతుంది, చూస్తుంది. తర్వాత ఆ చేతులు. కెమెరా చేతుల మీదికే వెళ్లింది. కింద దిండు కనబడదు. కాళ్లు కనబడవు. నూనె రాసే ఆ చేతులు, ముక్కు నిమిరే ఆ వేళ్లు, దాని వెనక గొంతు నులుముతున్నట్టు ఒక సంగీతం, మధ్యలో ఎక్కడినుంచో తెచ్చి కలిపిన పసిబిడ్డ ఏడుపు, తర్వాత ఆ ఏడుపు ఆగిపోవడం.

నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. నాకు వచ్చినది బాధ కాదు. కోపం. జీవితమంతా కృతజ్ఞతకు అలవాటుపడ్డ నా గొంతుకు ఆ కోపాన్ని ఏ మాటలతో చెప్పాలో తెలియలేదు.

మూడంతస్తుల ఇంటికి పోయాను. అత్తగారు కాఫీ తెచ్చింది.

"సినిమా అని మాకు తెలీదా సిస్టర్? అవ్వ మంచిదే. కానీ మా కోడలు భయపడుతోంది. ఆ చేతులే బిడ్డ మొహం మీద కనబడితే ఎట్లా చెప్పండి?"

"ఆ చేతులు మీ అబ్బాయికి నీళ్లు పోశాయి కదా."

"పోశాయి. అప్పుడు మనకేం తెలుసు?"

"ఇప్పుడేం తెలిసింది మీకు?"

ఆమె కాఫీ నా ముందుకు జరిపింది. "ఎందుకొచ్చిన రిస్క్ అని" అంది. లోపల గదిలో బిడ్డ ఏడుస్తోంది, ఎవరో సముదాయించలేకపోతున్నారు. కాఫీ తాగకుండా లేచాను. వాళ్లింట్లో కాఫీ వదిలేసి రావడం అదే మొదటిసారి.

అవ్వ ఇంటికి పోతే గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"సస్పెన్స్ ఇడిశిందమ్మా" అంది నన్ను చూడగానే. తర్వాత తల వంచుకుని, "ఆ సందుల పోరగాండ్లు నన్ను జూసి సైకో అవ్వ, సైకో అవ్వ అని ఉరుకుతున్రు. నిన్న ఇంకొక ఇంటోళ్లు సుత వద్దన్నరు. నేనేం జేసిన? నూనె రాయమన్నరు, రాసిన. దిండుకు గూడ మెల్లగనే రాసిన గదమ్మా!"

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది. నా మీద కూడా కోపంగా ఉందని అప్పుడు తెలిసింది. ఉండాలి.

మరుసటి రోజు ఆ అమ్మాయి తనే వచ్చింది. సంచిలోంచి రెండు కాగితాల కట్టలు తీసింది. ఒకటి తను మొదట రాసిన కథ. అందులో అమ్మాయే ఫ్యూజు వేసుకుంటుంది, తలుపు గడియ పెట్టుకుంటుంది, పనిమనిషి అవ్వే వచ్చి అసలు దొంగను పట్టిస్తుంది. "సార్‌కు చూపించినం ఆంటీ. ఇంత తిప్పితే అయిదు నిమిషాల్లో జనాలకు ఎక్కదు, సింపుల్ చెయ్యండి అన్నరు. మావోడు ఒక్క రోజుల మార్చేసిండు."

"నువ్వేమన్నావు?"

"ఏడవమన్నరు. ఏడ్చిన."

రెండోది రిపోర్టు. ఇంగ్లిషులో ఉంది. నాకు ఇంగ్లిషు నిదానంగా వస్తుంది, నిఘంటువు పక్కన పెట్టుకుంటే. "నువ్వే తెలుగులో చెప్పు" అన్నాను. ఆ పిల్ల తల ఎత్తకుండా చెప్పింది. సినిమాలో వేర్వేరు మనుషులను ఎలా చూపించారో రాయాలట, దానికి విడిగా మార్కులుంటాయట. యువతిని బలహీనంగా, సాయం కోసం ఎదురుచూసేదానిగా చూపాం. యువకుణ్ని కాపాడేవాడిగా చూపాం. ముసలివాళ్లలో మగవాణ్ని పనికిరానివాడిగా, ఆడమనిషిని ప్రమాదకరమైనదిగా చూపాం. పనివాళ్ల మీద చూసేవాళ్లకు ముందే ఉన్న అనుమానాన్ని వాడుకున్నాం. అందువల్ల తక్కువ సమయంలోనే భయం పుట్టించగలిగాం.

పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు. కింద చాలా బాగుంది అని.

"ఎవరు రాశారు ఇది?"

"నేనే" అంది.

ఇంతవరకూ నేను అనుకున్నది, పిల్లలు తెలియక చేశారని. తెలియనితనాన్ని క్షమించడం నాకు వచ్చు, రోజూ నా తెలియనితనాన్ని క్షమించమనే అడుక్కుంటాను. కానీ వీళ్లకు తెలుసు. ఆడపిల్లను ఎలా చిన్నబుచ్చుతారో తెలుసు, ముసలితనాన్ని ఎలా వెక్కిరిస్తారో తెలుసు, పనిచేసుకునేవాళ్ల మీద ఇంటివాళ్ల కళ్లు ఎలా ఉంటాయో తెలుసు. తెలుసుకున్నది దిద్దడానికి కాదు, చూపి మార్కులు తెచ్చుకోవడానికి. మూసలో మనిషిని పోసి, ఇది మూస అని కింద రాసేస్తే పని అయిపోయిందట. చదువంటే అదేనా? మా నాన్న ఒక రైల్వే గుమాస్తా, ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. ఆయన మాట్లాడనిదెవరో కనిపెట్టమని అక్కడితో ఆపలేదు. ఆమె ఏమనుకుంటుందో చెప్పు అనేవాడు. ఆ రెండో ప్రశ్నకు ఆ రిపోర్టులో ఒక్క గీత కూడా లేదు.

ఆ పిల్ల ఏడ్చింది. ఈసారి ఎవరూ ఏడవమనలేదు. నీళ్లిచ్చాను. కోపం తగ్గలేదు, అయినా ఇచ్చాను.

పిల్లవాడు మిఠాయి డబ్బాతో వచ్చాడు. క్లాసులో వాడిదే మొదటి మార్కు. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

"ఆంటీ, మీరు ఎమోషనల్ అవుతున్నరు. థ్రిల్లర్ అంటే గంతే. టైమ్ ఉండదు. చూడంగనే భయం తగలాలె."

"ఎవరిని చూస్తే చూడగానే భయం తగులుతుందని అనుకున్నావు నువ్వు?"

వాడు డబ్బా మూత సర్దాడు.

"మీ నాన్నగారిని మెట్ల మలుపులో నిలబెట్టవచ్చు కదా. సూటు వేసుకుని."

"డాడీని చూస్తే ఎవరు భయపడతరాంటీ?"

"అదే నేను అంటున్నది. ఆ భయం నువ్వు పుట్టించలేదు నాయనా. మా అందరి ఇళ్లలో ముందే ఉంది. పనామె వచ్చినప్పుడు పర్సు లోపల పెట్టే మా చేతుల్లో ఉంది. నువ్వు దాన్ని తీసి కొంచెం వెలుతురు వేశావు. అంతే నీ కళ."

"సారీ ఆంటీ. లింక్ తీసేస్త."

"నువ్వు ఎనిమిదో నెలలో పుట్టావు. తెలుసా?"

"తెలుసు. మమ్మీ చెప్తది."

"నీకు నీళ్లు పోయడానికి మీ నాయనమ్మ చేతులు వణికితే, ఎవరు పోశారో చెప్పిందా?"

చెప్పలేదు. వాడి మొహం చూస్తేనే తెలిసింది. పిడికెడంత ఉండేవాడు. కాళ్ల మీద నిలవడని, అవ్వ ఒక అరచేతిలో పట్టుకుని రెండో చేత్తో తడిగుడ్డతో తుడిచేది. పొద్దున పోయి, అన్నం వేళ దాకా బిడ్డను తన రొమ్ముకు ఆనించుకుని కూర్చునేది. ఇంత చెబుతున్నప్పుడు నా గొంతు పెరిగిందని మా ఆయన లోపలినుంచి వచ్చి నిలబడ్డారు. ఆయన నన్ను ఆపలేదు. అందుకు కృతజ్ఞురాలిని.

వాడు లింకు తీసేశాడు. ఫోన్ల నుంచి ఫోన్లకు పోయినదాన్ని ఎవరు తీస్తారు?

ఆ శుక్రవారం కూడికలో సాక్ష్యాలు అడిగారు. లేచాను. ఇచ్చిన సాక్ష్యం వెనక్కి తీసుకోవడం మాలో నేను ఎప్పుడూ చూడలేదు. "పోయినసారి నేను చెప్పిన స్తోత్రం తప్పు" అన్నాను. "నేను చూడని దాన్ని మంచిదన్నాను. నా మాట నమ్మి మీరు చూశారు. చూసి ఒక మనిషి నోటి దగ్గర కూడు తీశారు. ఆ పాపంలో మొదటి భాగం నాది."

పాస్టరమ్మ, "సిస్టర్, ఇది సాక్ష్యాల సమయం" అంది మెల్లగా.

"ఇదే నా సాక్ష్యం. ఈ గదిలో ఎంతమంది పిల్లలకు ఆమె లాల పోసిందో ఒక్కసారి చేతులెత్తండి."

మొదట పక్కవాళ్ల మొహాలు చూసుకున్నారు. తర్వాత వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. కిటికీ పక్కన ఇంకొకటి. అయిదో ఆరో. మూడంతస్తుల ఇంటి అత్తగారు సంచిలో ఏదో వెతుక్కుంటోంది. ఆ పిల్లవాడి తల్లి నా వైపే చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూర్చుంటూ నేను మామూలుగా అనే ఆమెన్ కూడా అనలేదు.

ఆ తల్లే, రెండు వారాల తర్వాత, నాకు ఫోను చేసింది. ఆమె పెద్దకూతురికి కాన్పయింది. బిడ్డ చిన్నగా ఉంది, ఎవరు పట్టుకున్నా ఏడుస్తోంది. "అవ్వను ఒకసారి పంపిస్తారా సిస్టర్? ముందు గేటు దగ్గర అందరూ ఉంటారు, మళ్లీ వాళ్లో మాట వీళ్లో మాట. వెనక గేటు తీసి పెడతాను."

కబురు నేనే మోసుకుపోయాను. పోకూడదనిపించింది, కానీ ఆమె పని, ఆమె నిర్ణయం. అవ్వ అంతా విని, చేతిలో పని ఆపలేదు.

"బిడ్డ పాలు తాగుతున్నదా?"

"తాగుతోందట."

"అయితె ఫికర్ లేదు." పని చేస్తూనే అంది. "ఆ ఇంటికి ముందటి గేటుకెళ్లి పోయిన నేను. చేతిలంత పోరన్ని పట్టుకోని ముందటి గేటుకెళ్లే బయటికొచ్చి ఎండ చూపిచ్చిన. గిప్పుడు నేనేం మారిన్నని ఎనకకెళ్లి రావాలె? చెప్పుండ్రి ఆమెకు. ముందటికెళ్లి పిలిస్తె పొద్దు పొడవకముందే వస్త. లేకుంటె లేదు."

చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. ముందు గేటు నుంచి పిలుపు రాలేదు. ఈ రోజు వరకూ రాలేదు.

ఇప్పుడు అవ్వ పొద్దున్నే బస్సెక్కి వేరే చోటికి పోతోంది. అక్కడ ఒక ఇంట్లో కవలలు పుట్టారు. ఎక్కడో నేను రాయను, ఎందుకో మీకు తెలుసు. "ఆడికి సినిమా ఇంక రాలేదమ్మా" అంటుంది నవ్వుతూ. ఆ నవ్వు వెనక రోజూ ఒక పరేషాన్ ఉంటుంది, ఎవరి ఫోన్లో ఎప్పుడు కనబడుతుందోనని. కొప్పు మాత్రం ఇంకా గట్టిగా ముడేస్తోంది. ఆకుపచ్చ చీర కట్టుకునే పోయింది మొదటి రోజు. నా పాత చీర ఉతికి, మడతపెట్టి, నాకు తిరిగి ఇచ్చేసింది. గచ్చు తుడవడానికి దాన్ని మళ్లీ వాడలేకపోతున్నాను.

చదివినవారిని ఒక్కటే అడుగుతాను. ఆ సినిమా ఎక్కడైనా మీ ఫోనులోకి వస్తే ఇంకొకరికి పంపకండి. పొద్దున్నే మీరు ప్రార్థన చేసేవారైతే ప్రార్థనలో, చేయనివారైతే మొహం మీద నీళ్లు చల్లుకునేటప్పుడు, ఆమెను జ్ఞాపకం చేసుకోండి. పేరు రాయొద్దంది, అందుకే రాయలేదు. ఆ వేళకు ఆమె ఎవరి పెరట్లోనో పీట మీద కాళ్లు చాపి కూర్చుని, మోచేత్తో నీళ్ల వేడి చూస్తూ ఉంటుంది.